చెరకు కాపు, ఇంటి పంచాంగం: మారిషస్ తోటల్లో తెలుగు కుటుంబపు సంవత్సరం

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున, భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 20 డిగ్రీల అక్షాంశం వద్ద ఉన్న మారిషస్ ద్వీపానికి 1834 నుంచి 1910 వరకు ఒప్పందపు కూలీలుగా చేరిన భారతీయులు దాదాపు నాలుగున్నర లక్షల మంది కాగా, వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది తిరిగి స్వదేశానికి రాలేదు. ఈ వలసను గురించిన చరిత్రలలో ఓడల లెక్కలు, చట్టాల వరుస, మరణాల పట్టికలు విరివిగా కనిపిస్తాయి గాని, ఒక కుటుంబం అక్కడ ఒక సంవత్సరాన్ని ఎలా గడిపిందన్న ప్రశ్నకు తగినంత చోటు దొరకలేదు. నిజానికి ఆ తోటల వ్యవస్థ నిలబడింది సంవత్సరం అనే కొలత మీదనే: జీతపు ఒప్పందం సంవత్సరాల లెక్కన కుదిరేది, బట్టలు సంవత్సరానికి ఒకసారి ఇచ్చేవారు, చెరకును సంవత్సరానికి ఒకసారి నరికేవారు. దానికి పక్కనే, తెలుగు జిల్లాల నుంచి వెళ్ళిన కుటుంబాలు తమ వెంట తీసుకుపోయిన పంచాంగం, అంటే చంద్రుని గమనాన్ని బట్టి నెలలను లెక్కించే చాంద్రమాన సంవత్సరం, తన దారిన తాను నడిచింది. యజమాని సంవత్సరానికీ ఇంటి సంవత్సరానికీ పొసగని చోట్లలోనే ఈ కుటుంబాల జీవితం సాగింది. ఆ పొసగనితనాన్ని వారు ఏటేటా సర్దుకుంటూ వచ్చిన తీరే తాత్కాలికమనుకున్న వలసను స్థిరనివాసంగా మార్చింది.

బ్రిటిష్ వారు 1810లో ఫ్రెంచి వారి నుంచి గెలుచుకున్న ఈ ద్వీపపు పంచదార మీది దిగుమతి సుంకాన్ని బ్రిటన్ 1825లో వెస్టిండీస్ పంచదారతో సమానం చేయడంతో చెరకు సాగు వేగంగా విస్తరించింది. 1835లో బానిసత్వం రద్దు కాబోతుండడం, ఆ తరువాత విముక్తులైన ఆఫ్రికన్, మలగసీ కూలీలు తమను బానిసలుగా వాడుకున్న తోటలకు తిరిగి వెళ్ళడానికి ఇష్టపడకపోవడం వల్ల తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగడంతో మొదలైన రాక, ఆ దశాబ్దం ముగిసేలోగా తెలుగు తీరానికీ పాకింది. గోదావరి సముద్రంలో కలిసే చోట ఓడల నిర్మాణానికి పేరుపడిన కోరంగి, ఉత్తరాన విశాఖపట్నం, ఆ తరువాత చెన్నపట్నం ఈ ప్రయాణాలకు రేవులయ్యాయి.

ఆ కాలంలో తీరాంధ్ర ప్రజలు ఇల్లు విడిచిపోవడానికి కారణాలు కొల్లలుగా ఉన్నాయి. 1832-33 నాటి కరువు గుంటూరు మండలాన్ని ఊళ్ళకు ఊళ్ళుగా ఖాళీ చేసింది. మిల్లు బట్టల పోటీకి నేత పని కూలిపోయింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగిని ముంచెత్తింది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసేదాకా గోదావరి మండలంలో వానను నమ్ముకున్న రైతుకూలీకి ఏ ఏడాది పంట చేతికి వస్తుందో తెలియని స్థితి ఉండేది. అయితే ఈ వలసలో తెలుగువారి వాటా ఇంతని చెప్పడం కష్టం. నమోదు పుస్తకాలలో మనిషిని అతడు మాట్లాడే భాషతో గాక ఎక్కిన రేవుతో గుర్తించారు గనుక, తెలుగువారూ తమిళులూ కూడా చాలా చోట్ల ‘మద్రాసు’ అన్న ఒకే మాట కింద కలిసిపోయారు. వారిని విడదీసి చూడడానికి పేర్లే ప్రధానమైన ఆధారం. సింహాద్రి, అప్పన్న, అప్పడు, అప్పలస్వామి వంటి పేర్లు సింహాచలం కొండ చుట్టుపక్కల పల్లెలను చూపిస్తాయి. ఆ పేర్లే, గుమాస్తాలు తమ చెవికి తోచినట్లు రాసుకున్న రూపాలలో, తరువాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. అసలు ఇంటిపేరు, అంటే వంశాన్నీ వియ్యానికి తగిన సంబంధాలనూ తెలిపే ఆనవాలు, చాలా కుటుంబాల విషయంలో ఓడరేవులో గుమాస్తా బల్ల దగ్గరే తెగిపోయింది. నష్టాలన్నిటిలోకీ దీన్ని తక్కువదిగా చూడడం సరికాదు.

రాజధాని పోర్ట్ లూయీలో 1849లో ఏర్పాటైన వలసదారుల దిగుడు కేంద్రం ఇప్పుడు అప్రవాసీ ఘాట్ అన్న పేరుతో 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో ఉంది. సముద్రం మీద వారాల తరబడి ప్రయాణించి వచ్చినవారు ఇక్కడి రాతి మెట్లెక్కి, పాకల్లో ఒకటి రెండు రోజులు ఉండి, ఒక్కొక్కరుగా సంఖ్య పొందేవారు. 1860ల నుంచి వారికి ఛాయాచిత్రాలు కూడా తీసేవారు. మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థ భద్రపరుస్తున్న ఆ పుస్తకాలలో మనిషి ఎత్తు, వయసు, ఒంటి మీది మచ్చలు, తండ్రి పేరు, ఊరు, అతడిని పంపిన తోట పేరు వరుసగా ఉంటాయి. పుస్తకం ఒక్కొక్క మనిషిని వేరుగా లెక్కించింది గాని మనుషులు చాలాసార్లు వేరువేరుగా రాలేదు. తొలి ఏళ్ళలో ఒంటరి మగవారే ఎక్కువైనా, ఒక గడువు ముగించుకుని ఊరికి వెళ్ళినవారు భార్యను, తమ్ముడిని, బావమరిదిని, పక్కింటి వారిని వెంటబెట్టుకుని మళ్ళీ ఓడ ఎక్కడం త్వరలోనే ఆనవాయితీ అయింది. మగవారి సంఖ్యకు తగినంత వంతు ఆడవారు ఉండితీరాలన్న నియమాలు కూడా 1850లలో వచ్చి, కుటుంబ వలసను ఇంకా పెంచాయి.

సంవత్సరం అనే కొలత చట్టంలో ఎన్ని రూపాలెత్తిందో గమనించదగినది. మొదటి ఒప్పందాలు ఐదేళ్ళవి. మోసాలు, బలవంతాలు బయటపడి 1838-39లో వలస నిలిచిపోయి, 1842లో తిరిగి తెరిచినప్పుడు ఒప్పందాన్ని ద్వీపానికి చేరిన తరువాతే, అదీ ఒక్క ఏడాదికే, చేయాలన్నారు. ఏడాది చాలదన్న యజమానుల ఒత్తిడితో 1849లో అది మూడేళ్ళకు, 1862లో మళ్ళీ ఐదేళ్ళకు పెరిగింది. గడువు ముగించుకున్న ‘పాత వలసదారులు’ మాత్రం తరచుగా ఏడాదికొకసారి ఒప్పందం మార్చుకుంటూ, నచ్చని తోటను విడిచి మరో తోటకు పోవడానికి ప్రయత్నించేవారు. తిరుగు ప్రయాణపు ఖర్చు భరించే బాధ్యతను ప్రభుత్వం 1850ల మొదట్లోనే వదిలించుకుంది కాబట్టి, గడువు ముగిసిన కుటుంబానికి ఊరికి వెళ్ళడమన్నది మనసుకు సంబంధించిన నిర్ణయంగా గాక డబ్బు లెక్కగా మారింది.

1834 నాటి తొలి ఒప్పందాలలో మగవారికి నెలకు 5 రూపాయలు, ఆడవారికి 4 రూపాయలు జీతం. దానితో పాటు రోజుకు 14 ఛటాకుల బియ్యం, అంటే సేరుకు కొంచెం తక్కువ, 2 ఛటాకుల పప్పు, అర ఛటాకు ఉప్పు, కొద్దిగా నూనె, చింతపండు. ఏడాదికి ఒక కంబళి, రెండు ధోవతులు, ఒక చొక్కా, రెండు టోపీలు. జీతంలో నెలకొక రూపాయిని తిరుగు ప్రయాణం కోసమని పట్టి ఉంచేవారు. ఓడ ఎక్కే ముందు ఆరు నెలల జీతం బయానాగా చేతికిచ్చేవారు గనుక, తొలి ఏడాదిలో సగం కాలం కూలీ అప్పు తీర్చడానికే పనిచేశాడన్న మాట. కొలిచి ఇచ్చే ఈ సరుకులో కూర లేదు, మజ్జిగ లేదు. అందువల్లే కూలీల నివాసం చుట్టూ ఉన్న కాస్త జాగాలో బెండ, సొర, ఆకుకూరలు పెంచడం, వీలున్న చోట ఆవును గానీ మేకను గానీ సాకడం అలంకారం కోసం చేసిన పనులు కావు. కుటుంబం తన తిండిని తాను పూర్తి చేసుకున్న మార్గాలవి. తరువాతి కాలంలో కొన్న భూమికి మొదటి డబ్బు చాలా ఇళ్ళలో ఈ పాలు, కూరగాయల అమ్మకం నుంచే వచ్చింది.

కూలీల నివాసాన్ని అక్కడి వాడుకలో ‘కాం’ అనేవారు. గడ్డి కప్పిన గుడిసెలు వరుసగా ఉండే ఈ పేటకు ఒక చివర సర్దారు ఇల్లు ఉండేది. సర్దారు అంటే కూలీలలోంచే ఎంపికై, వారి చేత పని చేయించి, తోట యజమాని తరఫున మాట్లాడే మేస్త్రి. అతడే వడ్డీకి అప్పిచ్చేవాడు, చాలా సందర్భాలలో తగవులు తీర్చేవాడు కూడా. కుటుంబం ఏడాది పొడవునా ఏ తోటలో ఎంత సుఖంగా బతికిందన్నది చట్టం కంటే ఎక్కువగా అతడి మంచి చెడ్డల మీద ఆధారపడింది.

తోట సంవత్సరంలో ప్రధానమైనది కోత కాలం. దక్షిణార్ధగోళంలో చలికాలమైన జూన్, జూలై నెలల్లో మొదలై నవంబరు, డిసెంబరు దాకా సాగే ఈ కాలాన్ని ద్వీపపు క్రియోల్ భాషలో ‘లాకూప్’ అంటారు. చెరకును నరికిన తరువాత ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడించకపోతే రసంలోని తీపి పడిపోతుంది కాబట్టి, నరికేవారు, బండ్లకెత్తేవారు, మిల్లులో రసం కాచేవారు అందరూ ఒకే వేగానికి కట్టుబడి పనిచేయాల్సి వచ్చేది. మిల్లు ఒకసారి రాజుకుంటే రాత్రింబవళ్ళు నడిచేది. విశాఖ మండలం నుంచి, గోదావరి మెట్ట నుంచి వెళ్ళినవారికి చెరకు కొత్త పంట కాదు. ముచ్చెలు నాటడం, మొక్క తోట నరికాక దుబ్బుల నుంచి మళ్ళీ పెరిగే కార్శి తోటను కాపాడుకోవడం, పెనం మీద రసం పాకానికి వచ్చే క్షణాన్ని కనిపెట్టడం వారిలో చాలామందికి తెలిసిన విద్యలే. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే రోజుల్లో ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరి, పని ముగిసిన చోటే తాము చేసిన సరుకును కళ్ళారా చూసేవారు. మారిషస్‌లో అదే పంట ఆవిరి యంత్రాల చేతికి పోయింది; నరికిన మనిషికి పంచదారతో సంబంధం తెగిపోయి, రోజుకింత నరకాలన్న లెక్క ఒక్కటే మిగిలింది. వలసలో మనుషులు పోగొట్టుకున్న వాటిని చెప్పేటప్పుడు ఈ పనితనపు గౌరవాన్ని కూడా చేర్చడం న్యాయం.

ఆడవారిలో చాలామంది ఒప్పందం కింద గాక రోజు కూలికి, లేదా ఇంత పనికి ఇంత అన్న గుత్తకు పనిచేసేవారు. కలుపు తీయడం, ఎండుటాకు రెల్చడం, పొయ్యిలోకి వాడే చెరకు పిప్పిని ఎండబెట్టడం వారి పనులు. ఒప్పందంలో లేనందువల్ల వారి శ్రమ లెక్కల్లో సరిగా కనిపించదు గాని, తెల్లవారకముందే వంట ముగించి, పిల్లను ఎత్తుకుని పొలానికి నడిచిన ఆ స్త్రీ లేకుండా మగవాడి ఒప్పందం ఒక్క నెల కూడా నిలిచేది కాదు. ఆదివారం సైతం పూర్తిగా సెలవు కాదు. పశువుల పనికీ, తోట శుభ్రానికీ ఉదయం కొన్ని గంటలు జీతం లేకుండా చేయించే ‘కోర్వే’ అనే చాకిరీ ఉండేది.

కోత ముగిసిన తరువాతి కాలం, అంటే డిసెంబరు నుంచి మే వరకు, మిల్లు ఆగినా పని ఆగేది కాదు. అగ్నిపర్వతపు నల్లరాళ్ళతో నిండిన నేలలో గుంటలు తవ్వి ముచ్చెలు నాటాలి, ఎరువు మోయాలి, రాళ్ళు ఏరి గుట్టలు పోయాలి. చెరకు చేల మధ్య నేటికీ కనిపించే ఆ రాతి గుట్టలు వేలాది మంది చేతుల మీదుగా పేరినవి. ఎండ, వాన, తుపాను, జ్వరం కలిసి వచ్చే కాలం కూడా ఇదే. ఈ కాలంలోనే ‘రెండింతల కోత’ అనే నిబంధన కుటుంబాన్ని ఎక్కువగా దెబ్బతీసింది: అనుమతి లేకుండా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం పోయేది. బిడ్డకు జ్వరం వచ్చి ఇంట్లో ఆగిన తండ్రి విషయంలోనూ సర్దారు రాసే లెక్కే చెల్లేది. దీనికి తోడు జీతాలను నెలల తరబడి బాకీ పెట్టడం వల్ల, కూలీ ఏడాది చివరన అందుకున్న మొత్తం ఒప్పందంలో రాసిన దాని కంటే చాలా తక్కువగా ఉండేది.

1854లో కలరా వచ్చింది. 1866లో మొదలైన మలేరియా అంతకంటే దారుణమైనది. అంతకు ముందు ఆ జ్వరాన్ని ఎరుగని ద్వీపంలో, 1867 ఒక్క ఏడాదిలోనే, మూడున్నర లక్షలకు మించని జనాభాలో 30 వేలకు పైగా మరణాలు సంభవించాయి. తీరప్రాంతపు తోటలు ఎక్కువగా నష్టపోయాయి. డబ్బున్నవారు చల్లని మెట్టభూములకు తరలిపోగా, ఒప్పందంలో కట్టుబడిన కుటుంబాలు తమ గుడిసెల్లోనే ఉండిపోయాయి. ఆ జ్వరాన్ని దోమ మోసుకొస్తుందన్న సత్యాన్ని 1897లో సికింద్రాబాదులో రుజువు చేసిన రొనాల్డ్ రాస్, 1907-08లో మారిషస్‌కు వెళ్ళి చిత్తడి నేలల మురుగు తీయించే పనులను సూచించాడు. తెలంగాణ నేల మీద తెలిసిన విషయం, తీరాంధ్ర కూలీల మనుమలు బతుకుతున్న ద్వీపానికి చేరడానికి పదేళ్ళు పట్టిందన్న మాట.

ఇక పంచాంగం సంగతి. ఉత్తరార్ధగోళంలో పుట్టిన తెలుగు పండుగలకు ఈ ద్వీపంలో రుతువులు తలకిందులయ్యాయి. వసంతానికి గుర్తుగా వచ్చే ఉగాది అక్కడ వేసవి వెళ్ళిపోయే రోజుల్లో పడుతుంది. మామిడి నవంబరు, డిసెంబరు వేడిలోనే పండడం మొదలవుతుంది కాబట్టి ఉగాది పచ్చడికి కావలసిన పిందెల కాలం అప్పటికే దాటిపోతుంది. ధాన్యం ఇంటికి చేరిన సంతోషంతో చేసే సంక్రాంతి తుపానుల నెలలో వస్తుంది, ఇంటికి చేరే ధాన్యమూ లేదు. అయినా తిథులను వారు మార్చలేదు. సౌకర్యం ఒక్కటే చూస్తే, చెరకు కాలాన్ని అనుసరించి పండుగలను జరుపుకొని ఉంటే ఎక్కువ వీలుగా ఉండేది. కానీ అలా చేస్తే యజమాని సంవత్సరం ఒక్కటే మిగిలేది. రుతువుతో సంబంధం తెగినా తిథిని పట్టుకుని ఉండడం వల్లనే, ఆ కుటుంబాలకు తోట యజమాని చేతికి చిక్కని కాలం కొంత మిగిలింది.

ఆ కాలాన్ని వారు నింపుకున్న తీరులో ఉత్తరాంధ్ర పల్లె స్పష్టంగా కనిపిస్తుంది. అంటురోగాల నుంచి కాపాడమని గ్రామదేవతను కొలిచే అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న కొలువు, ఎత్తయిన దీపపు స్తంభం చుట్టూ రాత్రంతా అడుగులు వేస్తూ పాడే రామభజనం ఇప్పటికీ మారిషస్ తెలుగువారి ప్రధానమైన ఆచారాలు. రామభజనానికి గుడి గోపురం అక్కరలేదు, పూజారీ తప్పనిసరి కాదు. ఒక దీపం, తాళాలు, పాటలు నోటికి వచ్చిన పెద్దవాడు ఉంటే చాలు, పగలంతా పనిలో ఉన్నవారికి రాత్రి వేళ వీలవుతుంది. తోట జీవితంలో అది నిలవడానికీ, ఇంట్లో తెలుగు తగ్గి క్రియోల్, భోజ్‌పురి పెరిగిన తరువాత కూడా పాటలో తెలుగు మిగలడానికీ ఈ వీలే కారణం. మొహర్రం సందర్భంగా ‘యాంసే’ పేరుతో జరిగే ఊరేగింపులలో మతభేదం లేకుండా కూలీలందరూ పాల్గొనేవారు. ఊళ్ళో పీర్ల పండుగలో మొక్కు తీర్చుకున్న తెలుగువారికి ఇందులో కొత్తేమీ లేదు.

పండుగల్లో కొంత కాలం తమదైనా, 1867లో వచ్చిన చట్టం గడువు ముగిసిన వారిని కూడా వదల్లేదు. ఛాయాచిత్రం అతికించిన అనుమతి పత్రాన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, జిల్లా దాటితే పోలీసులకు చూపాలి, లేకపోతే దేశదిమ్మరిగా జైలుకు పోవాలి. కుటుంబం వేరుగా బతకాలనుకున్నప్పుడల్లా దాన్ని మళ్ళీ తోటలోకి నెట్టడమే ఆ చట్టం ఉద్దేశం. దీనికి వ్యతిరేకంగా అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు 1871లో తయారుచేసిన అర్జీ మీద 9,401 మంది పాత వలసదారులు సంతకాలు, వేలిగుర్తులు పెట్టారు. తోటివారి కోపానికి గురై వీధిలో దెబ్బలు తిన్న ఆ మనిషిని స్మరించుకోవడం అవసరం. 1872లో వచ్చిన రాజ విచారణ సంఘం ఫిర్యాదులలో చాలా భాగం నిజమని తేల్చింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది.

1880ల నుంచి పంచదార ధరలు పడిపోయి, యూరప్ బీట్ పంచదార పోటీ పెరగడంతో, తోటల యజమానులు అంచుల్లోని సారం తక్కువ భూములను చిన్న ముక్కలు చేసి అమ్మసాగారు. ‘మోర్సెల్మాఁ’ అని పిలిచిన ఈ విభజనలో, ఎకరానికి కొంచెం మించిన ‘ఆర్పాఁ’ కొలతలో, ఒకటి రెండు ముక్కలు కొన్న భారతీయులు ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళకు ద్వీపంలోని చెరకు భూమిలో సుమారు మూడో వంతును సాగుచేస్తున్నారు. అన్నదమ్ములు కలిసి కొనడం, కొడుకు తోటలో జీతం చేస్తుండగా తల్లిదండ్రులు సొంత ముక్కను చూసుకోవడం మామూలు. 1892 ఏప్రిల్ 29న, తుపానుల కాలం వెళ్ళిపోయిందని అందరూ అనుకున్నాక వచ్చిన తుపానులో సుమారు 1,200 మంది చనిపోయారు. 1902లో సుర్రా అనే పశువుల జ్వరం బండి లాగే పశువులను తుడిచిపెట్టి, చెరకును మిల్లుకు చేర్చుకునే దారి లేకుండా చేసింది. గాంధీ 1901లో ఇక్కడ ఆగినప్పుడు పిల్లలను చదివించమని చెప్పడం, ఆయన సూచనతో 1907లో వచ్చిన న్యాయవాది మణిలాల్ డాక్టర్ కూలీల కేసులు వాదించడం ఈ సన్నకారు రైతుల తరం ఎదిగివస్తున్న రోజుల్లోనే జరిగాయి. 1910లో ఒప్పందపు కూలీల రాక ఆగింది.

భూమి సొంతమైనా, దాని సంవత్సరం మాత్రం పూర్తిగా సొంతం కాలేదు. సన్నకారు రైతు తన చెరకును పెద్ద తోట మిల్లుకే తోలాలి, ఏ రోజు తోలాలో మిల్లే చెప్పాలి, తూకమూ ధరా దానివే. చిన్న రైతులు ఎక్కువగా వేసే యూబా రకం చెరకులో తీపి తక్కువని 1937లో మిల్లులు ధరను 15 శాతం తగ్గించగా, ఆ ఆగస్టులో, కోత ముమ్మరంగా సాగుతుండగా, రైతులూ కూలీలూ కలిసి యూనియన్ ఫ్లాక్ తోట కార్యాలయానికి ఊరేగింపుగా నడిచారు. తోట వైపు నుంచి జరిగిన కాల్పుల్లో నలుగురు మరణించారు. ఆ తరువాత జరిగిన విచారణ చిన్న రైతుల ఫిర్యాదులకు ఆధారం ఉందని ఒప్పుకుంది; 1938లో కార్మిక సంఘాలను గుర్తించే చట్టం మారిషస్‌లో మొదటిసారిగా వచ్చింది.